కొత్త సాంకేతికతను ఉత్పత్తిలోకి ఎప్పుడు, ఎలా తీసుకోవాలి: నిర్ణయానికి ఆధారం కూర్చే పద్ధతి

1960ల చివర రోల్స్ రాయిస్ సంస్థ ఆర్‌బీ211 అనే విమాన ఇంజిన్‌ను రూపొందించేటప్పుడు, ముందుభాగంలో తిరిగే పెద్ద ఫ్యాన్ రెక్కలను లోహంతో కాక హైఫిల్ అనే కార్బన్ ఫైబర్ మిశ్రమ పదార్థంతో చేయాలని సంకల్పించింది. రెక్క తేలికైతే ఇంజిన్ బరువు తగ్గుతుందన్న లెక్క సరైనదే. 1968లో లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానాలకు ఆ ఇంజిన్లు సరఫరా చేసే ఒప్పందం కూడా కుదిరింది. 1970 మేలో, పక్షి వచ్చి ఇంజిన్‌లో పడితే రెక్క తట్టుకుంటుందా అని చూసే పరీక్షలో హైఫిల్ రెక్కలు ముక్కలైపోయాయి. ముందుజాగ్రత్తగా టైటానియం రెక్కల పనిని పక్కనే నడుపుతూ ఉండటం వల్ల ఇంజిన్ తయారీ ఆగిపోలేదు గాని, బరువూ ఖర్చూ పెరిగాయి. ఆ ఇంజిన్ అభివృద్ధికి అయిన వ్యయమంతా కలిసి 1971 ఫిబ్రవరిలో సంస్థను దివాలా తీయించింది. ఆలోచన మాత్రం చెడ్డది కాదు. 1995లో వాడుకలోకి వచ్చిన జీఈ90 ఇంజిన్‌లో కార్బన్ మిశ్రమ పదార్థపు ఫ్యాన్ రెక్కలు, ముందంచుకు టైటానియం తొడుగుతో, నిలిచి పనిచేశాయి.

తేదీ, ధర ఖాయమైపోయాక కీలకమైన పరీక్ష జరిగితే, దాని ఫలితం నిర్ణయానికి ఉపయోగపడదు. ఎంత నష్టపోయామో తెలుసుకోవడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. ఏ పరీక్ష ఫలితం మన నిర్ణయాన్ని తారుమారు చేయగలదో ముందే కనిపెట్టి, ఆ పరీక్షను ఒప్పందం కంటే ముందుకు జరపడమే నిర్ణయ సహాయక పద్ధతుల అసలు ప్రయోజనమని నేను నమ్ముతాను. కింద చెప్పేదంతా ఆ ఒక్క పని ఎలా చేయాలన్నదాని గురించే.

మొదట నిర్ణయాన్ని ఒక ప్రశ్నగా రాయాలి. "మనం త్రీడీ ప్రింటింగ్‌లోకి వెళ్లాలా?" అన్నది నిర్ణయించదగిన ప్రశ్న కాదు, ఎందుకంటే దానికి ఏ భాగమో, ఏ గడువో, ఏ ప్రత్యామ్నాయమో లేదు. ఒక పంపు తయారీ సంస్థనే ఊహించుకుందాం. పంపు లోపల తిరుగుతూ ద్రవాన్ని తోసే రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. "రాబోయే పంపులో ఇంపెల్లర్‌ను ఇప్పటిలాగే పోత పోయించాలా, లేక లోహపు పొడిని లేజర్‌తో కరిగిస్తూ పొరలు పొరలుగా ముద్రించాలా? డ్రాయింగులు ఖాయం చేసే నాటికి ఇది తేలాలి, తేల్చవలసినది ఫలానా అధికారి" అని రాస్తే అది ప్రశ్న అవుతుంది. ఇప్పుడున్న పద్ధతిని ఎప్పుడూ ఒక పోటీదారుగా నిలబెట్టాలి. దాన్ని జాబితాలోంచి తీసేసిన రోజున చర్చ రెండు కొత్త పద్ధతుల మధ్య పందెంగా మారుతుంది, అసలు మారడం అవసరమా అన్న ప్రశ్న ఎవరూ అడగరు.

తరువాత, కొత్త సాంకేతికత ఎంత పక్వానికి వచ్చిందో తేల్చాలి. దీనికి నాసాలో 1970లలో పుట్టి, తరువాత 9 మెట్లుగా స్థిరపడిన సాంకేతిక సంసిద్ధత స్థాయిల కొలబద్ద విస్తృతంగా వాడుకలో ఉంది. మూల సూత్రాన్ని గమనించడం 1వ మెట్టు. ప్రయోగశాలలో విడిభాగం పనిచేయడం 4వది. వాస్తవానికి దగ్గరగా ఉన్న వాతావరణంలో నమూనా నెగ్గడం 6వది. అసలు పనిచేయవలసిన చోటనే నమూనా నెగ్గడం 7వది. నిజమైన వాడుకలో నిరూపణ కావడం 9వది. అమెరికా ప్రభుత్వ వ్యయాలను పరిశీలించే జీఏఓ సంస్థ 1999లో ఆయుధ వ్యవస్థల అభివృద్ధిపై ఇచ్చిన నివేదికలో, ఉత్పత్తి అభివృద్ధి కార్యక్రమంలో చేర్చే ముందు సాంకేతికత 7వ మెట్టుకు చేరి ఉండాలని సూచించింది. పౌర పరిశ్రమలో అందరూ అంత కఠినంగా ఉండనక్కర్లేదు, కాని 4వ మెట్టు మీద ఉన్నదాన్ని అమ్మకపు తేదీతో ముడిపెట్టడం మాత్రం ఏ పరిశ్రమలోనైనా ప్రమాదకరమే.

ఈ కొలబద్దను వాడేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సంసిద్ధత స్థాయి సాంకేతికతకు శాశ్వతంగా అంటుకుని ఉండే గుణం కాదు. ఒక నిర్దిష్ట భాగానికి, నిర్దిష్ట వాతావరణంలో వర్తించే అంచనా మాత్రమే. మంచినీటి పంపులో 9వ మెట్టుకు చేరిన ముద్రిత ఇంపెల్లర్, ఇసుక కలిసిన ఉప్పునీటి పంపులోకి వచ్చేసరికి చాలా మెట్లు దిగిపోతుంది. అందువల్ల సరఫరాదారు చెప్పిన అంకెను యథాతథంగా రాసుకోకుండా, ఎన్ని భాగాలను, ఏ ద్రవంలో, ఎన్ని గంటలు, ఎవరు పరీక్షించారో అడగాలి. తయారీ సంసిద్ధతను వేరుగా చూడాలి. అద్భుతంగా పనిచేసిన ఒకే ఒక నమూనా, వంద భాగాలు ఒకే నాణ్యతతో వస్తాయని రుజువు చేయదు.

ఇక పోల్చడం. ఏ లక్షణాలపై పోల్చాలో రాసుకునే ముందు, దాటరాని హద్దులను, కోరదగిన లక్షణాలను విడదీయాలి. పగిలితే మనిషికి ప్రమాదం కలిగే భాగానికి కనీస బలం ఒక హద్దు. దాన్ని తక్కువ ధరకు వచ్చే మార్కులతో భర్తీ చేయనివ్వకూడదు. ఆ హద్దును అందుకోలేని ప్రత్యామ్నాయం అక్కడే ఆగిపోవాలి. మిగిలినవాటిని బ్రిటిష్ ఇంజినీర్ స్టువర్ట్ ప్యూ ప్రతిపాదించిన పద్ధతిలో చూడటం మంచి ప్రారంభం: ఒకదాన్ని ప్రామాణికంగా పెట్టుకుని, ప్రతి లక్షణంలోనూ మిగతావి దానికంటే మెరుగా, తక్కువా, సమానమా అని గుర్తించడం. ఇందులో విజేతను తేల్చడం కంటే, ఒకదాని బలహీనతను మరొకదాని బలంతో పూడ్చి మూడో ప్రత్యామ్నాయాన్ని పుట్టించడమే ఎక్కువ విలువైన పని.

దాని తరువాతే భారాలు (ఏ లక్షణం ఎంత ముఖ్యమో చెప్పే అంకెలు), మార్కులు. మార్కులు వేయడానికి ముందే భారాలు నిర్ణయించాలి, ప్రతివారూ మొదట ఒంటరిగా మార్కులు వేయాలి. లేకపోతే పెద్దవారు వేసిన అంకె చుట్టూ అందరి అంకెలూ చేరతాయి. మన ఉదాహరణలో మన్నికకు 0.4, ధరకు 0.3, సరఫరా వేగానికి 0.3 భారాలు ఇచ్చామనుకుందాం. పోత ఇంపెల్లర్‌కు 10కి వరుసగా 8, 7, 3 మార్కులు, ముద్రిత ఇంపెల్లర్‌కు 5, 4, 9 మార్కులు వచ్చాయి. లెక్కిస్తే పోతకు 6.2, ముద్రణకు 5.9. చాలా సమావేశాలు ఇక్కడితో ముగుస్తాయి, కాని అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

తేడా 0.3 మాత్రమే. భారాలను 0.35, 0.25, 0.4గా మారిస్తే పోతకు 5.75, ముద్రణకు 6.35 వచ్చి వరుస తిరగబడుతుంది; కనుక సరఫరా వేగం కొనుగోలుదారుకు నిజంగా ఎంత ముఖ్యమో అడిగి తెలుసుకోవాలి. ఇంకొక వైపు నుంచి చూద్దాం. మొదటి భారాలనే ఉంచి, ముద్రిత ఇంపెల్లర్ మన్నికకు ఇచ్చిన 5 మార్కులు ఎంతకు పెరిగితే రెండూ సమానమవుతాయి? 5.75. ఆ 5 ఎక్కడిది? ముద్రించిన లోహపు ఉపరితలం గరుకుగా ఉంటుంది, లోపల సూక్ష్మ రంధ్రాలు మిగలవచ్చు, అందువల్ల పదేపదే పడే ఒత్తిడికి త్వరగా చీలుతుందన్న భయం నుంచి వచ్చిన అంచనా అది. అధిక ఉష్ణోగ్రతలో అన్ని వైపుల నుంచీ వాయు పీడనంతో నొక్కితే లోపలి రంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి, ఉపరితలాన్ని నునుపు చేయడానికీ మార్గాలున్నాయి. ఈ రెండూ చేసిన కొన్ని ముక్కలను అలసట పరీక్షకు (పదేపదే ఒత్తిడి పెట్టి ఎప్పుడు చీలుతుందో చూసే పరీక్షకు) పంపితే అంచనా స్థానంలో ఆధారం వస్తుంది. ముప్పావు మార్కు తేడా నిర్ణయాన్ని మార్చేస్తుంది కనుక డబ్బు పెట్టవలసిన పరీక్ష ఇదే. ధర మీద మరో నివేదిక తెప్పించుకోవడం కంటే దీనికి విలువ ఎక్కువ.

లక్షణాలు ఎక్కువైనప్పుడు థామస్ సాటీ 1970లలో రూపొందించిన శ్రేణీకృత విశ్లేషణ ఉపకరిస్తుంది. అందులో లక్షణాలను రెండేసి చొప్పున 1 నుంచి 9 కొలతపై పోలుస్తారు. జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగడం లేదో చెప్పే అసంగతి నిష్పత్తి 0.10 దాటితే తిరిగి ఆలోచించాలి. కొత్త ప్రత్యామ్నాయాన్ని మధ్యలో చేర్చితే పాతవాటి వరుస కూడా మారే అవకాశం ఆ పద్ధతిలో ఉందని గుర్తుంచుకోవాలి. ఏ భాగం ఎలా విఫలం కావచ్చో ముందే చూసే వైఫల్యాల విశ్లేషణలో తీవ్రత, సంభావ్యత, గుర్తింపు (లోపాన్ని ముందే పట్టుకోవడం ఎంత కష్టమో) అంకెలను గుణించే అలవాటు పట్ల ఇంకా జాగ్రత్త అవసరం. 9, 2, 5 గుణిస్తే 90. 3, 5, 6 గుణించినా 90. మొదటిది మనిషి ప్రాణానికి సంబంధించినది కావచ్చు, రెండోది చిన్న అసౌకర్యం. అమెరికా, జర్మనీ వాహన పరిశ్రమల సంఘాలైన ఏఐఏజీ, వీడీఏ 2019లో వెలువరించిన ఉమ్మడి కరదీపిక ఈ గుణకారాన్ని పక్కనపెట్టి, చర్యకు ప్రాధాన్య పట్టికను ప్రవేశపెట్టింది.

సిమ్యులేషన్లు, పాత పరీక్షల సమాచారంతో శిక్షణ పొందిన యంత్రాభ్యాస (మెషీన్ లెర్నింగ్) నమూనాలు కూడా నిర్ణయానికి సాయపడతాయి. అయితే అవి చూసినదంతా పాత పదార్థాలు, పాత ఆకారాలు. కొత్త సాంకేతికత ఆ పరిధికి బయట ఉంటుంది కనుక, ఏ శ్రేణిలో నమూనాను సరిచూశారో అడగకుండా దాని జవాబును పట్టికలో ఎక్కించకూడదు.

కొత్తదాన్ని ఎంచుకున్నా పాత మార్గాన్ని కొంతకాలం తెరిచి ఉంచాలి. పోత ఇంపెల్లర్, ముద్రిత ఇంపెల్లర్ రెండూ ఒకే షాఫ్టుకు, ఒకే కేసింగ్‌కు అమరేలా డిజైన్ చేస్తే వెనక్కి రావడం చవకవుతుంది. పోత అచ్చును ఆర్డర్ చేయడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టి, వెనక్కి తిరగగల చివరి తేదీని ప్రణాళికలో రాసి ఉంచాలి. అలసట పరీక్ష ఫలితం ఆ తేదీకి ముందే రావాలి. పాత మార్గానికి కూడా మనుషులను, డబ్బును కేటాయించాలి. కాగితం మీద మాత్రమే ఉన్న ప్రత్యామ్నాయం అవసరమైన రోజున అందుబాటులో ఉండదు.

యంత్రం నడిపేవారు, నాణ్యతను తనిఖీ చేసేవారు, కొనుగోలు విభాగంవారు, మరమ్మతు చేసేవారు మార్కులు వేసే రోజునే బల్ల దగ్గర ఉండాలి. ముద్రిత భాగం లోపలి లోపాన్ని ఏ పరికరంతో పట్టుకుంటారన్న ప్రశ్నను డిజైన్ విభాగం కంటే తనిఖీ విభాగం ముందుగా అడుగుతుంది, ఆ జవాబుకు ఒక ఎక్స్‌రే స్కానర్ ఖరీదు అయ్యే అవకాశమూ ఉంది.

చివరగా ఒక పుటలో నిర్ణయాన్ని నమోదు చేయాలి: ప్రశ్న, పోటీపడిన ప్రత్యామ్నాయాలు, భారాలు, ఏ అంకె వెనుక ఏ పరీక్ష ఉంది, ఏది కేవలం అంచనా, ఏ ఫలితం వస్తే నిర్ణయం మారుతుంది, వెనక్కి తిరగగల చివరి తేదీ. ఒప్పుకోనివారి అభ్యంతరాన్ని వారి మాటల్లోనే, వారి పేరుతో కింద రాయాలి. మొదటి విడత పంపులు పొలాల్లోనో, కర్మాగారాల్లోనో ఒక ఏడాది పనిచేశాక ఆ పుటను తీసి, ప్రతి అంకె పక్కన నిజంగా తేలిన విలువను వేరే రంగు సిరాతో రాయాలి. తరువాతి ఉత్పత్తికి మార్కులు వేయడానికి కూర్చున్నవారి ముందు మొదట ఉంచవలసిన కాగితం అదే.