భద్రమైన అభ్యంగనానికి పునీతుల్ని ఎలా ఎంచుకోవాలి?

భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానం తర్వాత తైలం పూసి విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం) ఇవ్వడానికి మేత్రాణులు (బిషప్ గారు) రావాల్సిన వారం దాకా ఆగి, గూగుల్‌లో పలకడానికి బాగున్న పునీతుల (సెయింట్ల) పేరొకటి చూసి రాసిచ్చే పిల్లలు చాలామంది ఉంటారు. దయచేసి అలా చేయకండి. బతికినంతకాలం మీ కోసం ప్రార్థించమని అడగబోయే మనిషిని ఎంచుకుంటున్నారు, కాస్త టైమ్ పెట్టండి.

అసలు కొత్త పేరు తీసుకుని తీరాలని తిరుసభ (కతోలిక చర్చి) చట్టంలో లేదు. జ్ఞానస్నానం పేరే ఉంచుకోవచ్చు, నన్నడిగితే అదే మంచిది, కాకపోతే ఆ పునీతుల జీవితం చదివి ఉండాలి. ఇంట్లో తాతల, నానమ్మల పేర్లు కూడా అడగండి: రాయప్ప అంటే పేతురు గారే, చిన్నప్ప అంటే పౌలు గారు, శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్ గారు.

కొత్తవారిని వెతుక్కుంటే మాత్రం మీరు రోజూ తడబడే చోట మొదలుపెట్టండి. తొందరపాటు, కోపం ఎక్కువైతే పేతురు గారు ఉన్నారు. యేసును పట్టుకోవడానికి వచ్చినప్పుడు తోటలో కత్తి దూసి, ప్రధాన యాజకుని సేవకుడు మల్కుసు చెవి నరికింది ఆయనే, ఆ రాత్రే యేసు ఎవరో తెలియదని మూడుసార్లు అన్నదీ ఆయనే, అయినా ప్రభువు తన గొర్రెలను ఆయనకే అప్పగించారు.

ఎవరినో క్షమించలేక నలిగిపోతుంటే జోసెఫిన్ బఖిత గారి జీవితం చదవండి. సూడాన్‌లో చిన్నపిల్లగా ఉండగానే ఎత్తుకెళ్ళి బానిసగా అమ్మేశారు, ఒక యజమాని ఇంట్లో ఒంటి నిండా కత్తితో గాట్లు పెట్టి అందులో ఉప్పు రుద్దారు. అంత అనుభవించిన ఆమె, ఇటలీలో కనోస్సియన్ అనే కన్యాస్త్రీల సభలో సిస్టర్ అయ్యాక, ఆ ఎత్తుకెళ్ళినవాళ్ళు కనిపిస్తే మోకరించి చేతులు ముద్దుపెట్టుకుంటానని, అదంతా జరగకపోతే తాను క్రైస్తవురాలిని అయ్యేదాన్ని కాదని చెప్పారు. నాకైతే ఇది చదివిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

జబ్బుతో బాధపడేవాళ్ళకు కేరళ అల్ఫోన్సమ్మ గారు ఉన్నారు, 2008లో పునీతురాలయ్యారు. ఈమధ్య పిల్లలందరూ కార్లో అకుటిస్ అంటున్నారు, 2006లో 15 ఏళ్ళకే లుకేమియాతో చనిపోయి 2025లో పునీతుడైన అబ్బాయి. సంతోషమే, కానీ జీన్స్ వేసుకున్న ఫోటో, తను తయారుచేసిన వెబ్‌సైట్‌తో ఆగిపోకండి, రోజూ గుడిలో దివ్యబలి పూజకు వెళ్ళేవాడన్నది కూడా తెలుసుకోండి.

ఇద్దరు ముగ్గురిని అనుకున్నాక కొన్నాళ్ళు రాత్రి ప్రార్థనలో ఒక్కొక్కరినీ సాయం అడిగి చూడండి, ఎవరితో మాట్లాడటం అలవాటైపోతుందో వారినే ఖాయం చేసుకోండి. తర్వాత ఫాదర్ గారికి ముందే చెప్పండి. కొన్ని విచారణల్లో (పారిష్‌లలో) నుదుట క్రిస్మా అనే పవిత్ర తైలం పూసేటప్పుడు ఆ పేరుతోనే పిలుస్తారు, కాబట్టి చీటీ మీద స్పష్టంగా రాసివ్వండి, మీ జ్ఞానతండ్రికో జ్ఞానతల్లికో కూడా చెప్పి ఉంచండి.