ఫ్యాన్ ఆపి, కుక్కర్ దించి, అప్పుడు రికార్డు నొక్కండి

ముందు ఫ్యాన్ ఆపండి. నవ్వులాటకి చెప్పట్లేదు. యూసుఫ్‌గూడలో అద్దెకుంటున్న ఇంట్లో నేను రికార్డు చేసిన మొట్టమొదటి పాట ఉంది. రెండో చరణంలో అమ్మాయి గొంతు ఆగిన చోటల్లా సీలింగ్ ఫ్యాన్ సన్నగా గొణుగుతూ ఉంటుంది. రికార్డు చేసిన రోజు ఎవరి చెవికీ అందలేదు. గొంతు మీద కంప్రెసర్ వేశాకే బయటపడింది. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని నొక్కి పెడుతుంది. తగ్గిన మేరకు మనం మొత్తాన్నీ పైకి లేపుతాం. దాంతో అడుగున నక్కి ఉన్న ఫ్యానూ, పక్కింటి కుక్కరూ కూడా లేచి కూర్చుంటాయి.

కాకినాడ నుంచి హైదరాబాదొచ్చి పన్నెండేళ్లయింది. పగలు సినిమా సంగీత దర్శకుల దగ్గర ప్రోగ్రామర్‌ని. అంటే వాళ్లు హమ్ చేసిన ట్యూన్ కింద డ్రమ్సూ, బాసూ, సింథులూ (సింథసైజర్ శబ్దాలు) కట్టే మనిషిని. రాత్రిపూట నా పేరు మీద ఎలక్ట్రానిక్ పాప్ చేసుకుంటాను. ఈ రెండో పని ఎలా మొదలుపెట్టాలక్కా అని అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటలు గంటలు చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

సామాన్ల గురించి తక్కువ చెప్తా, ఎందుకంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే, రెండు ఇన్‌పుట్‌లున్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఒక మైకు. సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్లేదు. ఎఫ్‌ఎల్ స్టూడియో ఒకసారి కొంటే అప్‌డేట్లకి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి నేను దాంతో మొదలుపెట్టా, తర్వాత ఏబుల్టన్‌కి మారా. మైకు విషయంలో మాత్రం నా మాట వినండి. మామూలు ఇంట్లో ఖరీదైన కండెన్సర్ మైకు కంటే ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకే మేలు. కండెన్సర్ వీధి చివర కూరగాయల బండివాడి కేకతో సహా పట్టేస్తుంది. డైనమిక్‌కి నోటి దగ్గర పలికిందే ముఖ్యం. గోడలకి ఫోమ్ అంటించే ముందు బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, పాడే మనిషిని చీరల వైపు తిప్పి నిలబెట్టి చూడండి. వెనకాల రెండు బొంతలు వేలాడదీయండి. పల్చటి దుప్పట్లు వద్దు. అవి పైపై మెరుపుని మింగేసి, గదిలోని బొంగురుని అలాగే వదిలేస్తాయి.

ఇక అసలు పని. ఎనిమిది బార్ల జబ్బు అందరికీ వస్తుంది. బార్ అంటే నాలుగు దెబ్బల ముక్క. ఎనిమిది బార్ల బీటు అద్భుతంగా కుదురుతుంది, దాన్నే తిప్పి తిప్పి వింటూ తెల్లారిపోతుంది, పాట మాత్రం ముందుకి కదలదు. నా హార్డ్ డిస్కులో అలాంటివి రెండొందలకి పైగా ఉన్నాయి. దీనికి నేను వాడే మందు ఒకటే. టెంపో 120, అంటే నిమిషానికి 120 దెబ్బలు అనుకోండి. అప్పుడు ఎనిమిది బార్లంటే 16 సెకన్లు. ఆ ముక్కని పన్నెండు సార్లు వరసగా పరిచేయండి. 3 నిమిషాల 12 సెకన్ల పాట తెర మీద కనిపిస్తుంది. ఇప్పుడు కొత్తగా ఏదీ చేర్చొద్దు, తీసేస్తూ రండి. మొదటి ముక్కలో ఒక్క సింథ్ తప్ప అన్నీ మ్యూట్. పల్లవి ముందు కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) తీసేయండి. రెండో చరణంలో బాస్ వదిలి డ్రమ్స్ తగ్గించండి. గంటలో అస్థిపంజరం తయారవుతుంది. బాగుండాలనేం లేదు, చివరిదాకా ఉంటే చాలు. కొత్త శబ్దాలు వెతుక్కోవడం ఆ తర్వాతి పని.

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో మీకు దొరకనిది తెలుగు గొంతుని ఎలా కొయ్యాలన్నది. నేను ఎక్కువ దెబ్బలు తిన్నదీ ఇక్కడే, కాబట్టి నింపాదిగా చెప్తా.

మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. బళ్లో అజంత భాష అని చదువుకున్నాం కదా, అదే. గొంతు ముక్కల్ని వాయిద్యంలా వాయించుకోవాలంటే ఇది వరం. గాయని పాడిన ‘రావా’ అన్న మాట తీసుకోండి. చివరి ‘వా’లో ‘వ’ గడిచిపోయాక మిగిలిన ‘ఆ’ని మాత్రం కత్తిరించండి. కోసిన రెండు అంచుల్లోనూ 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే టిక్కుమనే చప్పుడు రాదు. దాన్ని శాంప్లర్‌లో (ఏ శబ్దాన్నైనా కీబోర్డు మీద వాయించనిచ్చే సాధనం) వేసి, ఆమె పాడింది ఏ స్వరమో రూట్ నోట్‌గా చెప్పి, కీబోర్డు మీద వాయించండి. ఒకే ఒక్క మాట నుంచి పల్లవి వెనకాల మోగే మెలొడీ మొత్తం వస్తుంది. మూడు నాలుగు స్వరాల కంటే పైకి లాగితే మాత్రం చిన్నపిల్ల గొంతైపోతుంది. అది కావాలనుకుంటే సరే, లేకపోతే ఫార్మెంట్, అంటే గొంతు సహజ రంగు, కదలకుండా కట్టేయండి.

ఇదే అచ్చు చరణంలో శాపం. ప్రతి లైనూ దీర్ఘం తీసుకుంటూ వెళ్లి తర్వాతి బార్ మొదటి కిక్ మీద పడుతుంది. రెవెర్బ్ (గది ప్రతిధ్వని) కూడా తోడైతే లైన్లన్నీ కలిసి ముద్దపప్పు. కీర్తనకి అది అందమే, డ్యాన్స్ బీటుకి కాదు. ప్రతి లైను తోకనీ బార్ ముగియడానికి పదహారో వంతు నోటు ముందే తుంచేయండి. 120 టెంపోలో అది 125 మిల్లీసెకన్లు. వినేవాళ్లకి కోత తెలియదు, కిక్ మాత్రం ఛాతీకి తగులుతుంది.

ద్విత్వాక్షరాలు ఇంకో సంగతి. ‘ఒక్కసారి’ అనండి. ‘క్క’ దగ్గర గాలి ఒక్క క్షణం ఆగి, తర్వాత విడుదలవుతుంది. తెర మీద తరంగం చూస్తే ఆ చోట చిన్న ఖాళీ, దాని వెనకే ఒక ముల్లు కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఆ ఖాళీ మొదలయ్యే చోటు తెచ్చి గ్రిడ్డు గీత మీద పెడతారు. పాట కాలీడుస్తున్నట్టుంటుంది, ఎందుకో అర్థం కాదు. గీత మీద కూర్చోవాల్సింది ఆ ముల్లు. ముక్కని కొద్దిగా ఎడమకి జరిపి ముల్లుని స్నేర్ డ్రమ్ము దెబ్బతో కలపండి. ‘చప్పున’, ‘గుప్పెట్లో’, ‘ఎక్కడ’ ఇవన్నీ ఉచితంగా దొరికే డ్రమ్స్. ఇది తెలిశాక నేను రచయితల్ని బతిమాలి మరీ ఇలాంటి మాటలు రాయించుకుంటున్నా.

గమకం వచ్చిన పిల్ల పాడితే, తప్పిన స్వరాన్ని సరిచేసే ఆటోట్యూన్‌తో జాగ్రత్త. రీట్యూన్ స్పీడు 0 (అన్నిటికంటే వేగం) పెడితే జారుడుబల్ల లాంటి గమకం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. ఆ విరుపే కావాలంటే తప్పేం లేదు. 1998లో అమెరికా గాయని షేర్ పాడిన ‘బిలీవ్’ హిట్టైనప్పటి నుంచి అదొక శైలి. కానీ తెలియక విరిగినదీ, కావాలని విరిచినదీ చెవికి వేరువేరుగానే తెలుస్తాయి. నేను మామూలు లైన్లకి స్పీడు 30, 40 దగ్గర ఉంచి, గమకం వచ్చే చోట ఆటోమేషన్‌తో బైపాస్ చేస్తా, అంటే అక్కడ దానంతటదే ఆగేలా పెడతా. శ, ష, సలు కోసుకుపోతుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఆ ఈలని తగ్గించే డీఎసర్ వెయ్యండి. ప, ఫ, భలకి మైకుని నోటికి ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా పెడితే చాలు.

మిక్సింగ్ మీద పుస్తకాలే ఉన్నాయి, రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. కిక్ కొట్టిన ప్రతిసారీ బాస్ తలొంచుకునేలా సైడ్‌చెయిన్ పెట్టండి. బాస్ అసలు స్వరం 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఫోన్ స్పీకర్‌లో అది లేనట్టే, కాబట్టి శాచురేషన్ (కావాలని కాస్త గరుకు చేయడం) వేసి, ఫోన్లో వినపడే పై హార్మోనిక్స్ పుట్టించండి. మా వీధి మలుపులో ఆటో నడిపే అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన ఆటోలో వేసి వినందే నేను ఏ పాటా పంపను. ఇంజను మోతలో కూడా మాట తెలిస్తే మిక్స్ అయినట్టే. గట్టిదనం విషయానికొస్తే, స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినికిడి గట్టిదనం కొలత) దగ్గరికి గట్టి పాటల్ని దించేస్తుంది. పక్కవాడి పాటకంటే గట్టిగా ఉండాలని లిమిటర్‌తో చావగొడితే పాటలో ప్రాణం పోవడమే తప్ప ఒరిగేదేం లేదు. ట్రూ పీక్, అంటే శబ్దం తాకే అసలు గరిష్ఠం, మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకోండి.

పాట అయిపోయింది కదా అని అదే రాత్రి అప్‌లోడ్ చేసేయకండి. నా కష్టమంతా ఇక్కడే మొదలైంది.

కొన్నేళ్ల కిందట ఒక ప్రకటన కోసం పిలిచారు. రోజు లెక్కన డబ్బు. ట్యూన్ సగమే ఉంది, మిగతా సగం నేను సింథ్ మీద వాయించిన నాలుగు స్వరాల ముక్క. చివరికి జనం నోట్లో ఆడింది ఆ ముక్కే. టీవీలో రోజుకి పదిసార్లు వచ్చింది, కాకినాడలో అమ్మ కూడా కూని రాగం తీసింది. నాకు ఒక రోజు కూలి ముట్టింది, అంతే. అడిగితే, ‘నువ్వు ప్రోగ్రామర్‌వి కదమ్మా’ అన్నారు. వాళ్లు చెప్పింది కాయితం ప్రకారం నిజమే, ఎందుకంటే కాయితమే లేదు.

అప్పుడు నేర్చుకున్నా. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి సాహిత్యం, బాణీ. రెండోది రికార్డింగ్, మనవాళ్లు మాస్టర్ అంటారే, అది. ఇల్లు, ఇంటి స్థలం లాగా రెండూ వేరు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, రచయితా స్వరకర్తా తమ హక్కులు రాసిచ్చేసినా సరే, సినిమా హాల్లో చిత్రంతో పాటు ఆడటం తప్ప మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా వదులుకోవడానికి వీల్లేదు. ఆ వాటా వసూలు చేసి ఇచ్చేది 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే సంఘం. సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనీ నమోదు చేస్తేనే డబ్బు మన దారి పడుతుంది. ఈ రక్షణంతా రచయితకీ స్వరకర్తకీ. ప్రోగ్రామర్ అనే మాట అందులో లేదు. కాబట్టి బాణీలో మీ చెయ్యి ఉంటే ‘సహ స్వరకర్త’ అని రాయించుకోండి. ఆ పేరు ఇవ్వము అంటే రోజు కూలి పెంచమని అడగండి. రెండూ కుదరవంటే ఆ నాలుగు స్వరాలూ మీ దగ్గరే ఉంచుకుని, మామూలువేవో వాయించి రండి.

మీ సొంత పాటకైతే టీ తాగుతూనే ఒక పేజీ రాసుకోవచ్చు. పాట పేరు, తేదీ, సాహిత్యం ఎవరిది, ఎంత శాతం, బాణీ ఎవరిది, ఎంత, మాస్టర్ ఎవరిది, ఎంత. కింద సంతకాలు. వాట్సాప్‌లో ఫోటో అందరికీ. స్నేహితుల మధ్య ఇదేంటి అని మొహమాటపడేది పాట హిట్టవ్వక ముందే. హిట్టయ్యాక మొహమాటం ఉండదు, గొడవే.

లూపుల సంగతి కూడా చెప్పాలి. రాయల్టీ కట్టక్కర్లేని లూపు (ముందే వాయించి అమ్మే ముక్క) కొనుక్కుని దాని మీదే పల్లవి కట్టారనుకోండి. అదే లూపుని ఇంకెక్కడో ఇంకొకాయన వాడి, తన పాటని యూట్యూబ్‌లో పోలికలు పట్టే కంటెంట్ ఐడీలో పెట్టేసి ఉంటే, మీ పాట మీద కాపీ అని క్లెయిమ్ పడుతుంది. నాకు పడింది, వదిలించుకోడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు లూపు వాడితే కోసి, తిప్పి, స్వరం మార్చి, దాన్ని కన్నవాళ్లే గుర్తుపట్టకుండా చేస్తా.

విడుదలకి కనీసం నాలుగు వారాల ముందే, పాటని స్పాటిఫై లాంటి చోట్లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి పంపండి. ప్రతి రికార్డింగ్‌కీ పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఐఎస్‌ఆర్‌సీ నంబరు వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోండి, రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే నంబరు ఇస్తేనే పాత లెక్కలు నిలుస్తాయి. ప్లేలిస్టు కోసం స్పాటిఫైకి చెప్పుకోవాలంటే విడుదలకి ఏడు రోజుల ముందైనా చెప్పాలి. డబ్బు మీద ఆశలు తగ్గించుకోండి. 2024 నుంచి అక్కడ ఏడాదిలో 1000 సార్లు వినపడని పాటకి రికార్డింగ్ రాయల్టీ పైసా రాదు.

మరి అద్దె ఎలా? ప్రోగ్రామింగ్‌తోనే. దానికి తోడు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు ఫోన్లో కాకుండా కాస్త పద్ధతిగా గొంతు రికార్డు చేసి పంపుతారు, ట్రాక్ కట్టి ఇస్తా. సగం ముందే తీసుకుంటా, మూడు మార్పుల వరకే ఉచితం. స్టెమ్స్, అంటే వాయిద్యాల వారీగా విడదీసిన ఫైళ్లు, ఇచ్చేటప్పుడు అన్నీ మొదటి బార్ నుంచే, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, పేర్లలో టెంపోతో సహా. ఎంతమంది పెద్దవాళ్లు ‘ఫైనల్_ఫైనల్_కొత్తది’ అని పంపుతారో చెప్తే నమ్మరు.

పగటి పని రాత్రి పాటని మింగేస్తుందన్న భయం వచ్చినప్పుడు నాకు చరణ్‌జిత్ సింగ్ గుర్తొస్తారు. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించి బతికినాయన. 1982లో రోలాండ్ వాళ్ల టీఆర్-808 డ్రమ్ యంత్రం, టీబీ-303 బాస్ యంత్రం, జూపిటర్-8 సింథ్ పెట్టుకుని పది రాగాల్ని డిస్కో బీటు మీద వాయించి రికార్డు వేశారు. కొన్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ అచ్చయ్యాక, ఇది ఆసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతం కదా, అమెరికా వాళ్లకంటే ముందే ఈయనెలా చేశాడని ప్రపంచం నోరు తెరిచింది. ఆ ముసలాయన అవే యంత్రాల పాటల్ని యూరప్ వేదికల మీద వాయించి, 2015లో పోయారు. అందుకే నెలకొకసారి, ఎంత పనున్నా, నా పేరుతో ఒక పాట ముగిస్తా. విడుదల చేయకపోయినా సరే, ముగిస్తా.

ముగించిన వాటికి రెండు కాపీలు. ఒకటి నా బల్ల మీద, రెండోది కాకినాడలో అమ్మ బీరువాలో, నగల డబ్బా పక్కన. సంక్రాంతికి వెళ్లినప్పుడు పాత డిస్కు తెచ్చుకుని కొత్తది పెట్టొస్తా. పోయినసారి అమ్మ దాన్ని చీర చెంగుతో తుడుస్తూ, ‘ఇందులో ఆ ఫ్యాను పాట కూడా ఉందా?’ అని అడిగింది. ఉంది.