రాజురా వైపు ఆకు అచ్చుల వేట

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా, బల్లార్‌పూర్ వైపు బొగ్గు పొరల మధ్య బూడిదరంగు షేల్ (పలకలుగా విడిపోయే) రాయి ఉంటుంది. గ్లోసోప్టెరిస్ అనే, ఎప్పుడో అంతరించిన చెట్టు ఆకుల అచ్చులు వెతకాల్సింది అందులోనే. వాటి వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. నడుస్తున్న గనిలోకి వెళ్లొద్దు. మూతపడ్డ క్వారీకి యజమాని అనుమతితో, కనీసం ముగ్గురు కలిసి వెళ్లండి. నిలువు గోడ కింద కూర్చోవద్దు, బయట పోసిన రాళ్ల కుప్పలే చాలు.

పలకను నిలబెట్టి, పొర గీత మీద వెడల్పు ఉలి ఆనించి, చుట్టూ జరుపుతూ మెల్లగా కొట్టండి. ఒకేచోట గట్టిగా కొడితే రాయి అడ్డంగా విరిగి అచ్చు పోతుంది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. విడిపోయిన రెండు ముక్కలూ దాచండి, అచ్చు రెండింటిలోనూ పడుతుంది. పొద్దుటి ఏటవాలు ఎండలో ఈనెలు తేలి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం వెతకడం దండగ.

నాలుకలాంటి ఆకారం, నడిమి ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్న ఈనెలు ఉంటే గ్లోసోప్టెరిస్. ఈనెలేవీ లేకుండా నల్లటి కొమ్మల్లా పాకితే అది మాంగనీసు మరక. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

కడగొద్దు, తడిసి ఆరిన షేల్ రేకులుగా ఊడుతుంది. మెత్తని బ్రష్‌తో దులిపి, పాత పేపర్లో చుట్టి, చోటు, తేదీ అక్కడికక్కడే రాయండి. సిరొంచా దగ్గరి వడధం శిలాజ పార్కులో మాత్రం చూడటమే, ముక్క కూడా తీయకూడదు.