అమెరికాలో హెలికాప్టర్ నేర్చుకోవాలంటే: స్టూడెంట్ పైలట్ దరఖాస్తు విధానం, అంతకన్నా ముందు చూడాల్సిన ప్రమాదాల రికార్డు

నేర్చుకునే దశలో ఒంటరిగా ఎగరడానికి కావాల్సిన స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్‌కు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఫీజు తీసుకోదు. ఫారం నింపడానికి అరగంట చాలు. పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, ఇంగ్లిష్ చదవడం, మాట్లాడటం వచ్చా అని అడుగుతారు. ఏ హెలికాప్టర్‌లో నేర్చుకోబోతున్నారో మాత్రం ఎక్కడా అడగరు. హైదరాబాద్, విజయవాడల నుంచి పైలట్ కావాలని బయలుదేరే పిల్లలు, ఇక్కడ హెచ్‌1బీ మీద పనిచేస్తూ వీకెండ్‌లో ఎగరాలనుకునే మనవాళ్లు ఆ అడగని ప్రశ్న నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. అందుకే ఫారాల సంగతి తర్వాత, హెలికాప్టర్ సంగతి ముందు చెబుతాను.

ముందు హెలికాప్టర్

చాలా స్కూళ్లలో మీకు ఎదురయ్యేది రాబిన్సన్ ఆర్‌22. రెండు సీట్లు, ఒక పిస్టన్ ఇంజిన్, రెండు రెక్కల రోటర్. కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో తయారవుతుంది. 1979లో ఎఫ్‌ఏఏ ఆమోదం పొందింది. గంటకయ్యే ఖర్చు తక్కువ కాబట్టి స్కూళ్లు దీన్ని ఎంచుకున్నాయి. కానీ ఇది నేర్చుకునేవాళ్ల కోసమే గీసిన డిజైన్ కాదు.

దీని రోటర్ చాలా తేలిక. బరువైన రోటర్ ఇంజిన్ ఆగినా ఊపు మీద కాసేపు తిరుగుతుంది. ఆర్‌22లో ఆ వెసులుబాటు లేదు. ఇంజిన్ ఆగిన మరుక్షణమే, సుమారు ఒక్క సెకనులోపే, ఎడమ చేతిలోని కలెక్టివ్‌ను, అంటే హెలికాప్టర్‌ను పైకీ కిందికీ నడిపే లివర్‌ను, కిందికి దించాలి. రోటర్ వేగం 97 శాతానికి పడితే హారన్ మోగుతుంది. అది వినగానే థ్రాటిల్ తిప్పుతూ కలెక్టివ్ దించాలి. కొత్తవాళ్ల చెయ్యి మాత్రం సరిగ్గా దానికి ఉల్టా చేస్తుంది. కిందికి జారుతున్నామన్న భయంతో కలెక్టివ్‌ను పైకి లాగుతుంది. దాంతో రోటర్ ఇంకా నెమ్మదిస్తుంది, చివరికి రెక్కలకు ఎత్తే శక్తి పోతుంది.

రెండో ప్రమాదం మాస్ట్ బంపింగ్, అంటే రోటర్ తనను మోసే నిలువు కడ్డీని (మాస్ట్) గుద్దుకోవడం. రెండు రెక్కల రోటర్ తక్కెడ కాడలా మధ్యలో ఒక్కచోట వేలాడుతుంది. ముందుకెళ్తూ సైక్లిక్‌ను, అంటే హెలికాప్టర్‌ను ముందుకూ వెనక్కీ పక్కలకూ వంచే స్టిక్‌ను, గబుక్కున ముందుకు తోస్తే, స్పీడ్ బ్రేకర్ మీద బైక్ ఎగిరినప్పుడు కడుపులో ఖాళీగా అనిపిస్తుందే, అదే పరిస్థితి హెలికాప్టర్‌కు వస్తుంది. దీన్నే లో-జీ అంటారు. ఆ క్షణంలో రోటర్‌కు బాడీ మీద పట్టు ఉండదు. తోక రోటర్ తోపుకు బాడీ కుడివైపు ఒరుగుతుంది. పైలట్ సహజంగా స్టిక్‌ను ఎడమకు కొడతాడు. రోటర్ మాత్రమే వంగి, దాని మధ్యభాగం (హబ్) మాస్ట్‌ను గుద్దుతుంది, రెక్క బాడీని నరుకుతుంది. ముందు స్టిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్ మీద బరువు పడనిచ్చి, ఆ తర్వాతే ఒరుగుడు సరిచేయాలి. ఇది ఆకాశంలో కనిపెట్టే విషయం కాదు, నేల మీదే నేర్చుకుని ఉండాలి.

1992 జూన్‌లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ దగ్గర ఒక పాఠం మధ్యలో ఆర్‌22 గాల్లోనే విడిపోయింది. ఇన్‌స్ట్రక్టర్, విద్యార్థి ఇద్దరూ చనిపోయారు. విద్యార్థి ఆ పాఠాన్ని చిన్న టేపు రికార్డర్‌లో రికార్డు చేసుకుంటున్నాడు. ఇంటికెళ్లి మళ్లీ వినడానికే కదా ఎవరైనా పాఠం రికార్డు చేసుకునేది. ఆ ప్రమాదం తర్వాత అమెరికాలో ప్రమాదాలను విచారించే సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇలాంటి కేసులన్నీ కలిపి ప్రత్యేక విచారణ చేసి, 1996లో నివేదిక ఇచ్చింది. దానికి ముందే, 1995లో, ఎఫ్‌ఏఏ ఆర్‌22కు, అదే కంపెనీ తయారుచేసే ఆర్‌44కు మాత్రమే వర్తించే ప్రత్యేక నిబంధన తెచ్చింది. దాని పేరు ఎస్‌ఎఫ్‌ఏఆర్ 73. 2024లో సవరించారు, ఇప్పటికీ అమల్లో ఉంది. మీరు ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో పడే కొన్ని సంతకాలు ఈ నిబంధన కోసమే.

రికార్డు ఎలా చూడాలి

దీనికి ఫీజూ లేదు, అకౌంటూ అక్కర్లేదు. ముందుగా స్కూల్‌ను వాళ్ల హెలికాప్టర్ల ఎన్ నంబర్లు అడగండి. తోక మీద ఎన్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు అది. ఇవ్వడానికి మొహమాటపడే స్కూల్ గురించి అక్కడే ఒక విషయం తెలిసిపోతుంది. ఆ నంబరును ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీలో కొడితే తయారైన సంవత్సరం, సీరియల్ నంబరు, ఓనర్ పేరు వస్తాయి. ఓనర్ పేరు స్కూల్ పేరు కాకపోతే కంగారు పడొద్దు. చాలామంది సొంత హెలికాప్టర్‌ను స్కూల్‌కు లీజుకు ఇస్తారు. ఎన్ నంబరు మారొచ్చు, సీరియల్ నంబరు మారదు. కాబట్టి రెండూ రాసుకోండి.

తర్వాత ఎన్‌టీఎస్‌బీ సైట్‌లో కేరల్ అనే సెర్చ్ పేజీ తెరవండి. ఎన్ నంబరుతో ఒకసారి, మోడల్ పేరుతో ఒకసారి వెతకండి. 1962 నుంచి జరిగిన ప్రమాదాలు అందులో దొరుకుతాయి. మొదట ప్రాథమిక నివేదిక వస్తుంది, అందులో కారణం ఉండదు. కారణం తేల్చిన తుది నివేదికకు తరచూ ఏడాది, ఇంకా ఎక్కువే పడుతుంది.

ఎన్ని ప్రమాదాలు అని లెక్కపెట్టి టెన్షన్ పడకండి. రోజంతా విద్యార్థులతో ఎగిరే యంత్రానికి రికార్డు పొడుగ్గానే ఉంటుంది. అందులో గట్టిగా దిగడం, ఇంజిన్ ఆగినట్టు సాధన చేస్తూ నేల తాకేటప్పుడు పక్కకు పడిపోవడం లాంటివి చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువగా యంత్రం పాడవుతుంది, మనుషులు బయటపడతారు. చూడాల్సింది కారణాల లైను. రోటర్ వేగం పడిపోవడం, లో-జీ, కరెంటు తీగలు, మబ్బులోకి వెళ్లడం, కార్బురేటర్‌లో మంచు పట్టడం. పది నివేదికలు చదివితే ఇవే తిరిగి తిరిగి వస్తాయి. కంపెనీ సొంత సేఫ్టీ నోటీసులు కూడా వీటి మీదే ఉన్నాయి.

స్కూల్‌లో మూడు అడగండి. ఆర్‌22ను 2200 గంటలకో 12 ఏళ్లకో, ఏది ముందైతే అప్పుడు, ఓవర్‌హాల్ చేయాలి, అంటే పూర్తిగా విప్పి బాగుచేయాలి. మీరు ఎగరబోయే హెలికాప్టర్ ఆ లెక్కలో ఇప్పుడు ఎక్కడుంది? మీ ఇన్‌స్ట్రక్టర్‌కు హెలికాప్టర్ మీద 200 గంటలు, అందులో ఆర్‌22 మీద 50 గంటలైనా ఉన్నాయా? మీ బరువు సరిపోతుందా? దీనిలో ఒక్కో సీటుకు, సీటు కింద సామానుతో కలిపి, 240 పౌండ్లు, అంటే సుమారు 109 కిలోలే పరిమితి. మూడు రెక్కల ష్వైజర్ 300, కాబ్రీ జీ2 ఉన్న స్కూళ్లూ ఉన్నాయి. వాటిలో ఈ తరహా మాస్ట్ బంపింగ్ భయం లేదు. గంటకు కొంచెం ఎక్కువైనా నేనైతే వాటి ధర కూడా అడిగి చూడమంటాను.

ఇప్పుడు దరఖాస్తు

మొదట పేరు సరిచూసుకోండి. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, స్కూల్ ఫారంలో ఒక్క అక్షరమే ఉంటే, మెడికల్‌లో రెండు పేర్లు కలిసిపోతే, మూడు ఆఫీసుల్లో మీరు ముగ్గురు మనుషులవుతారు. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే, స్పేసులతో సహా రాయండి.

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు సాధారణంగా ఎం-1 వీసా, అంటే వృత్తి శిక్షణకు ఇచ్చే స్టూడెంట్ వీసా. స్కూల్ ఐ-20 అనే అడ్మిషన్ పత్రం ఇస్తుంది, విదేశీ విద్యార్థుల నమోదు కోసం 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి, డీఎస్-160 అనే వీసా ఫారం నింపి ఇంటర్వ్యూకు వెళ్లాలి. టూరిస్ట్ వీసా మీద లైసెన్స్ కోసం శిక్షణ కుదరదు. ఇండియాకు తిరిగెళ్లి అక్కడి కమర్షియల్ లైసెన్స్‌గా మార్చుకోవాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే డీజీసీఏ (ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ) మెడికల్ చేయించుకోవడం మంచిది. ఆ మెడికల్‌లో ఆగిపోతే మిగతా ఖర్చంతా వృథా.

అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి అమెరికా పౌరులు కాని అందరికీ కావాలి. హెచ్‌1బీ వాళ్లకే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ. ఫ్లైట్ ట్రైనింగ్ సెక్యూరిటీ ప్రోగ్రామ్ పోర్టల్‌లో అకౌంట్ తెరిచి, పాస్‌పోర్టు, వీసా కాపీలు పెట్టి, ఫీజు కట్టి, వేలిముద్రలు ఇవ్వాలి. అనుమతి వచ్చేదాకా శిక్షణ మొదలుపెట్టకూడదు. పౌరసత్వం వచ్చినవాళ్లు స్కూల్‌లో పాస్‌పోర్టు చూపిస్తే చాలు.

సరదాగా ఒకసారి ఎక్కే డెమో ఫ్లైట్‌కు ఈ అనుమతి అక్కర్లేదు. కానీ రాబిన్సన్ కంపెనీయే డెమో ఫ్లైట్ల గురించి సేఫ్టీ నోటీసు పెట్టింది. తయారు కాని మనిషి చేతికి కంట్రోల్స్ ఇవ్వడం వల్ల జరిగిన ప్రమాదాలు ఎక్కువ అని. ఆర్‌22లో కంట్రోల్స్ పట్టుకోవాలంటే ముందు ఎస్‌ఎఫ్‌ఏఆర్ 73 గ్రౌండ్ ట్రైనింగ్ పూర్తయి, లాగ్‌బుక్‌లో సంతకం ఉండాలి. అది లేకుండా "ఒక్క నిమిషం పట్టుకోండి" అంటే వద్దనండి.

మెడికల్‌కు మెడ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఎఫ్‌ఏఏ సైట్‌లో ఫారం నింపి, వచ్చిన కన్ఫర్మేషన్ నంబరుతో 60 రోజుల్లోపు ఎఫ్‌ఏఏ గుర్తించిన డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, థర్డ్ క్లాస్ మెడికల్ చాలు, కమర్షియల్ పనికి సెకండ్ క్లాస్ కావాలి. గత మూడేళ్లలో ఏ డాక్టర్‌ను కలిశారో, ఏ మందులు వాడుతున్నారో దాచకుండా రాయండి.

చివరగా ఐయాక్రా, ఎఫ్‌ఏఏ దరఖాస్తుల సైట్. అకౌంట్ తెరవగానే ఎఫ్‌టీఎన్ అనే నంబరు వస్తుంది. జీవితాంతం అదే మీ నంబరు. పాస్‌వర్డ్ మర్చిపోయారని రెండో అకౌంట్ తెరవకండి. స్టూడెంట్ పైలట్ దరఖాస్తు నింపి, ఇన్‌స్ట్రక్టర్ ముందు ఐడీ చూపిస్తే ఆయన సంతకం చేసి పంపుతారు. హెలికాప్టర్‌కు 16 ఏళ్లు నిండాలి. అమెరికాలో ఇంటి అడ్రస్ లేనివాళ్లు, 2025 నుంచి, ఇక్కడ నోటీసులు అందుకునే ఏజెంట్ ఒకరిని ఎఫ్‌ఏఏకు చూపాలి. సుమారు మూడు వారాల్లో ప్లాస్టిక్ కార్డు పోస్టులో వస్తుంది. దానికి గడువు ఉండదు. పాఠాలకు అది చేతికి రావాల్సిన అవసరం లేదు, సోలోకు తప్పనిసరి.

సోలో రోజు

కార్డు వచ్చినంత మాత్రాన ఒంటరిగా ఎగరనివ్వరు. ఆర్‌22లో కనీసం 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరి ఉండాలి. ఇంజిన్ లేకుండా దిగడం, రోటర్ వేగాన్ని దానంతట అదే నిలిపే గవర్నర్ అనే పరికరాన్ని ఆపేసి ఆ వేగం చేత్తో నిలపడం, రోటర్ వేగం పడితే గుర్తించి సరిచేయడం, లో-జీ ప్రమాదాలు, ఇవన్నీ నేర్పినట్టు లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఉండాలి. ఆ సంతకం 90 రోజులే పనికొస్తుంది. లో-జీని గాల్లో చేసి చూపించడం నిషేధం. ఎవరైనా చూపిస్తానంటే ఒప్పుకోకండి.

ఆ ఉదయం వాతావరణ రిపోర్టు మీరే చదవండి. గాలి 12 నాట్లు (గాలి వేగం కొలత, ఇంగ్లిష్‌లో నాట్), విసురు, అంటే ఉన్నట్టుండి వీచే గాలి, 28 అని ఉందనుకోండి. 200 గంటల అనుభవం లేని పైలట్‌కు ఆర్‌22లో విసురుతో కలిపి 25 నాట్లు దాటకూడదు, గాలికీ విసురుకీ తేడా 15 దాటకూడదు. ఇక్కడ తేడా 16. రెండు లెక్కలూ దాటాయి. తాళాలు తిరిగి కౌంటర్‌లో ఇచ్చేసి, ఇంకో రోజుకు బుక్ చేసుకోండి.