లాంగ్‌రేంజ్ హంటింగ్ రైఫిల్‌కి హ్యాండ్‌లోడ్ కుదరకపోతే: టార్గెట్ కాగితాన్ని చదివి కారణం పట్టుకోవడం

హ్యాండ్‌లోడ్ అంటే ఇత్తడి కేసు, ప్రైమర్ (పౌడర్‌కి నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ కలిపి చేత్తో తయారుచేసుకున్న తూటా. ఆ కూర్పునే లోడ్ అంటారు. 6.5 క్రీడ్‌మూర్ (ఒక తూటా రకం) రైఫిల్, 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) తరగతి బుల్లెట్, హెచ్4350 పౌడర్. అమెరికాలో దూరం నుంచి జింక, ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటాడేవాళ్లలో చాలామంది మొదట పట్టుకునే కూర్పు ఇది. దీనితో కూడా గురి కుదరడం లేదంటే పౌడర్ తూకాన్ని ఆఖరున అనుమానించాలి. తూటాలు కాగితం మీద ఎలా పడ్డాయో చూస్తే, తప్పు లోడ్‌లో ఉందో, రైఫిల్‌లో ఉందో, కాల్చే పద్ధతిలో ఉందో చాలావరకు తెలిసిపోతుంది. అది చూడకుండా పౌడర్, ప్రైమర్, బుల్లెట్ మూడూ ఒకేసారి మార్చేస్తే, ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ల కోసమే. అక్కడ కూడా హెచ్1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకున్నాకే రీలోడింగ్ ప్రెస్ కొనండి.

అదే లోడ్ ఒకరోజు అర అంగుళం, మర్నాడు అంగుళంన్నర

అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. ఈ అంగుళాలు గ్రూప్ కొలత, అంటే కాగితం మీద అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు తూటాల మధ్య దూరం. కారణం లోడ్ మారడం కాదు, మూడేసి తూటాలతో తీర్పు చెప్పడం. నిజానికి 1 ఎంఓఏ (కోణపు కొలత, 100 గజాలకు సుమారు అంగుళం) కొట్టే రైఫిల్ కూడా మూడు తూటాలకు ఒకసారి అర అంగుళం చూపిస్తుంది, ఇంకోసారి అంగుళం దాటిస్తుంది. అర అంగుళం వచ్చినప్పుడు ఫోటో తీసుకుంటాం, అంగుళంన్నర వచ్చినప్పుడు గాలి మీదో భుజం మీదో నెట్టేస్తాం. ఆ రెండూ ఒకే లోడ్ తాలూకు ఫలితాలే.

పౌడర్‌ని కొంచెం కొంచెం పెంచుతూ ఒక్కో తూకానికి ఒక్కో తూటా కాల్చి, వేగం పెరగని చోటును ‘నోడ్’ (లోడ్ నిలకడగా ఉండే తూకం) అనుకునే పద్ధతికీ ఇదే బలహీనత. అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ చదునైన చోటు వేరే తూకానికి జరుగుతుంది, లేదా అసలు కనిపించదు. ఒక్కో తూటాతో దొరికిన నోడ్‌ని నేను నమ్మను.

పరిష్కారం: మాన్యువల్‌లోని ప్రారంభ తూకంతో మొదలుపెట్టి, ప్రెషర్ గుర్తులు (కింద బోల్ట్ భాగంలో చెప్పినవి) చూసుకుంటూ, మాన్యువల్ గరిష్ఠానికి లోపలే ఒక తూకం ఎంచుకోండి. దానితో 100 గజాల దగ్గర కనీసం పది తూటాలు, ఒకే గురి బిందువు మీద, బ్యారెల్ చల్లారనిస్తూ కాల్చండి. ఒక్కరోజులో అవకపోతే అదే కాగితం దాచి ఇంకోరోజు పూర్తి చేయండి. ఆ పది తూటాల గ్రూప్ అంగుళం, అంగుళంన్నర మధ్య ఉంటే అది మంచి వేట లోడ్. 1 ఎంఓఏ అంటే 100 గజాలకు 1.047 అంగుళాలు, అంటే 500 గజాలకు సుమారు 5.2 అంగుళాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటును వేటగాళ్లు ఎనిమిది అంగుళాలుగా లెక్కేస్తారు. మీ పది తూటాల గ్రూప్ ఎంత దూరం దాకా అందులో ఇముడుతుందో లెక్కగట్టి, గాలికి కొంత వదిలి, అక్కడే హద్దు గీసుకోండి. గాయపడి పారిపోయిన జంతువు పడే బాధకి కారణం చాలాసార్లు ఈ లెక్క వేసుకోకపోవడమే.

ఏ లోడ్ వేసినా చెల్లాచెదురే

రెండు మూడు వేర్వేరు బుల్లెట్లతో, పేరున్న ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాలతో కూడా గ్రూప్ విచ్చుకుంటే లోడ్‌ని వదిలేయండి. స్కోప్ బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు, యాక్షన్ (బోల్ట్ కదిలే భాగం) స్క్రూలు టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన అంకెకి బిగించండి. స్టాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య కాగితం ముక్క పెట్టి యాక్షన్ దాకా లాగండి. ఫ్రీ ఫ్లోట్ (స్టాక్‌ని తాకని) బ్యారెల్ అయితే కాగితం ఎక్కడా ఆగకూడదు. ప్యారలాక్స్ నాబ్‌ని దూరానికి సరిచేసి, తల కొద్దిగా కదిపినప్పుడు క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరగకుండా ఉందో లేదో చూడండి. ఇవన్నీ సరిగా ఉంటే బ్యారెల్ శుభ్రం చేయాలి. రాగి పూత ఒక్కటే కాదు, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు భాగంలో గట్టిపడే కార్బన్ రింగ్ కూడా గురిని పాడుచేస్తుంది, ప్రెషర్ పెంచుతుంది. మామూలు సాల్వెంట్‌కి అది లొంగకపోవచ్చు, కార్బన్ కోసమే అమ్మే క్లీనర్ కావాలి.

తూటాలు నిలువు వరసలో పడుతున్నాయి

మొదట తేల్చుకోవాల్సింది దూరం. 100 గజాల దగ్గరే నిలువుగా సాగుతుంటే కారణం వేగంలో తేడా కాదు. బైపాడ్ (రైఫిల్ ముందుండే రెండు కాళ్ల స్టాండ్) మీద బరువు ఒకసారి మోపి ఒకసారి మోపకపోవడం, వెనక బ్యాగ్ కుదురుగా లేకపోవడం, సన్న బ్యారెల్ వేడెక్కడం, వీటిలో ఏదో ఒకటి.

100 దగ్గర గుండ్రంగా ఉండి 600 దగ్గర నిలువుగా సాగితే అప్పుడు వేగం వైపు చూడాలి. సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్లే 140 గ్రెయిన్ల బుల్లెట్‌కి 20 అడుగుల తేడా వస్తే 300 గజాల దగ్గర అర అంగుళంలోపే మారుతుంది. 600 దగ్గర అంగుళంన్నర నుంచి రెండంగుళాలు, 1000 దగ్గర సుమారు అయిదారు అంగుళాలు. కాబట్టి 400 గజాల్లోపు వేటాడేవాళ్లు వేగం తేడా తగ్గించడానికి రాత్రంతా కేసులు తూకం వేయనక్కర్లేదు.

అంతకన్నా దూరం కాల్చేవాళ్లకి మాత్రం వరస ఇది. ముందు పౌడర్ తూకం ప్రతి కేసుకీ 0.1 గ్రెయిన్ తేడాలోపు ఉందో లేదో సరిచూడండి. తర్వాత ఒకే కంపెనీ, ఒకే లాట్ (తయారీ బ్యాచ్), సమానమైనన్నిసార్లు కాల్చిన కేసులు వాడండి. బుల్లెట్‌ని కేస్ మెడ పట్టుకునే బిగువు అన్నిటికీ ఒకేలా ఉండాలి. 0.002 అంగుళం దగ్గర మొదలుపెట్టడం మామూలు. పలుమార్లు కాల్చిన ఇత్తడి గట్టిపడి బిగువు మారిపోతుంది కాబట్టి అనీలింగ్ (కేసు మెడను వేడిచేసి మెత్తబరచడం) చేయండి. ఫుల్ లెంగ్త్ సైజింగ్‌లో (కాల్చిన కేసును డైతో తిరిగి ఆకారానికి తెచ్చేటప్పుడు) కేసు భుజాన్ని 0.001 నుంచి 0.002 అంగుళం మాత్రమే వెనక్కి నెట్టండి. ఇంతా చేశాక కూడా తేడా తగ్గకపోతే ప్రైమర్ మార్చండి. ప్రైమర్ మార్చినప్పుడల్లా పౌడర్ తగ్గించి మళ్లీ పైకి రావాలి. ప్రైమర్‌తో పాటు ప్రెషర్ కూడా మారుతుంది.

గ్రూప్ గుండ్రంగానే ఉంది, కానీ పెద్దది

ఇక్కడ సీటింగ్ డెప్త్ (బుల్లెట్ కేసులో ఎంత లోతుగా కూర్చుందన్నది) పని చేయవచ్చు. బుల్లెట్ ఒజైవ్ (మొన వైపు వంపు) దగ్గర్నుంచి రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలిక గాడులు) మొదలయ్యే చోటికి ఉన్న ఖాళీని జంప్ అంటారు. దాన్ని బుల్లెట్ మొన నుంచి కాకుండా కంపారేటర్ (కాలిపర్‌కి తగిలించే కొలత పరికరం) తో ఒజైవ్ నుంచి కొలవాలి. మొనలు అన్నీ ఒకే పొడవు ఉండవు. 0.020 అంగుళం దగ్గర మొదలుపెట్టి 0.030 అంగుళం చొప్పున జంప్ పెంచుతూ చూడండి. 0.005 అంగుళం లాంటి చిన్న మార్పులతో వచ్చే తేడా ఎక్కువగా యాదృచ్ఛికమే. పూర్తి రాగి బుల్లెట్లకు జంప్ ఎక్కువే కావాలి, బార్న్స్ కంపెనీ 0.050 అంగుళం దగ్గర మొదలుపెట్టమంటుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు నిషేధం, అక్కడివాళ్లకి రాగి తప్పదు. తూటా మొత్తం పొడవు మీ మ్యాగజైన్‌లో పట్టాలన్నది మరిచిపోకండి. 6.5 క్రీడ్‌మూర్‌కి ప్రామాణిక గరిష్ఠం 2.825 అంగుళాలు.

మూడు నాలుగు లోతులు చూశాక కూడా మారకపోతే బుల్లెట్ మార్చండి. గ్రూప్ మీద అన్నిటికన్నా పెద్ద ప్రభావం బుల్లెట్, బ్యారెల్ జోడీదే.

కాగితం మీద రంధ్రం పక్కవాటుగా, తాళంచెవి రంధ్రంలా

చాలావరకు, బుల్లెట్ పొడవుకి బ్యారెల్ ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే గాడుల మెలిక) చాలడం లేదు. ఏ పౌడరూ దీన్ని సరిచేయదు. పొట్టి బుల్లెట్‌కి మారండి.

బోల్ట్ ఎత్తడం బరువవుతోంది, గ్రూప్ మాత్రం అద్భుతం

ఆపేయండి. ప్రైమర్ చదునుగా నలిగిపోవడం, కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసే పిన్ను) ముద్ర మెరవడం, మాన్యువల్ గరిష్ఠం కన్నా వేగం ఎక్కువ రావడం, అన్నీ అధిక ప్రెషర్ గుర్తులు. తూకం తగ్గించండి. మిగిలిన తూటాలు విడదీయండి, ‘ఇవొక్కటి కాల్చేద్దాం’ అనుకోవద్దు.

టెక్సస్ ఆగస్టులో సరిగ్గా ఉంది, కొలరాడో నవంబర్‌లో తేడా

వేడికి వేగం పెరిగి చలికి తగ్గే పౌడర్లు చాలా ఉన్నాయి. 35 డిగ్రీల్లో తయారైన లోడ్ సున్నాకి దిగితే సెకనుకు 50 అడుగులు తగ్గడం వింతేమీ కాదు. హెచ్4350 లాంటి ఉష్ణోగ్రతకి తక్కువగా స్పందించే పౌడర్ వాడటం ఒక దారి. రెండోది, చలి ఉదయం ఒకసారి క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి ఆ వేగాన్నే బాలిస్టిక్ యాప్‌లో వేయడం. ఎత్తైన కొండ మీద గాలి పలచగా ఉండి తూటా తక్కువ పడుతుంది, యాప్‌లో ఆ చోటి గాలి ఒత్తిడిని కూడా మార్చాలి.

మొదటి తూటా ఒక్కటే వేరే చోట

వేటలో లెక్కకొచ్చేది ఆ తూటానే. శుభ్రం చేసి నూనె పట్టించిన బ్యారెల్ అయితే మొదటిది పక్కకు వెళ్లడం మామూలు. సీజన్‌కి ముందు రెండు మూడు తూటాలు కాల్చి, సీజన్ ముగిసేదాకా మళ్లీ శుభ్రం చేయకండి. తర్వాత వేర్వేరు రోజుల్లో చల్లని బ్యారెల్‌తో ఒక్కో తూటా, అదే కాగితం మీద కాల్చి, ఆ గ్రూప్ మధ్య బిందువు గురికి సరిపోయేలా స్కోప్ సరిచేయండి.

కొత్త పౌడర్ డబ్బా తెరిచాక పాత లోడ్ చెడింది

లాట్ నంబర్ మారితే మండే వేగం కొద్దిగా మారుతుంది. తూకం తగ్గించి, క్రోనోగ్రాఫ్‌తో పాత వేగం అందే దాకా మెల్లగా పెంచండి. పాత తూకం కన్నా ఎక్కువ కావాల్సి వచ్చినా మాన్యువల్ గరిష్ఠం దాటవద్దు. కుదిరిన లోడ్ ఉంటే అదే లాట్‌లో రెండు సీజన్లకు సరిపడా పౌడర్, బుల్లెట్లు ఒకేసారి కొనుక్కోండి.