చెంచా వంచి చూడండి

రాయగడలో మా వీధిలో చాలామంది 6 నెలలు నిండిన బిడ్డకు నీళ్లలాంటి రాగి జావ పడుతున్నారు. ఒడియావాళ్లు మాండియా జావు అంటారే, అదే. ఆ చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది, ఒంటికి బలం పట్టదు. చెంచా వంచి చూడండి: జావ గబుక్కున కారిపోకుండా అంటుకుని నిలవాలి.

మొదట్లో పూటకు 2-3 పెద్ద చెంచాలు, రోజుకు 2-3 సార్లు చాలు. 9 నెలలు నిండాక 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం, రోజుకు 3-4 సార్లు. తల్లిపాలు మాత్రం అడిగినప్పుడల్లా ఇవ్వండి, రెండేళ్లు దాటినా సరే.

ముఖం తిప్పుకున్నా, పెదవులు బిగించినా కడుపు నిండినట్టే. దయచేసి ముక్కు మూసి పోయకండి, పొలమారితే ప్రాణం మీదికి వస్తుంది. సరిపోతోందా అన్న బెంగ తీరాలంటే నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించండి.