పాత మారుతి 800 కింద తుప్పు పట్టిన లోయర్ ఆర్మ్, షాకబ్జర్ విప్పే పద్ధతి

కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్లలోనో, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దారుల్లోనో పదిహేనేళ్లు తిరిగిన కారు పైకి ఎంత మెరిసినా, కింద పడుకుని చూస్తే కథ వేరేగా ఉంటుంది. ఒకపక్క ఉప్పుగాలి, ఇంకోపక్క లోడు బండ్లు రోడ్డు మీద కార్చుకుంటూ పోయే గుంట నీళ్లు. కొత్త సామాను బిగించడానికి గంట చాలు. పాతది విప్పడానికే పూట పడుతుంది.

పని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టాలి. బయటికి కనిపించే మరలన్నీ వైర్ బ్రష్‌తో తెల్లగా రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచి ఒకసారి మళ్లీ కొట్టండి. మట్టి పెళ్లల మీద కొడితే స్ప్రేని మట్టే తాగేస్తుంది. చాలామంది డీజిలో కిరసనాయిలో పోస్తారు. ఏమీ పోయకపోవడం కంటే నయమే కానీ లోపలికి దిగడం చాలా నిదానం. ఆసిటోన్, ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే ఏటీఎఫ్ ఆయిలు సమపాళ్లలో కలిపినా బాగా దిగుతుంది. అయితే ఆసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి అది పోసిన చోట మంట పెట్టబాకండి.

చక్రం నట్లు కారు నేల మీద ఉన్నప్పుడే కాస్త వదులు చేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, అప్పుడు జాకీ ఎత్తండి. బాడీ కింద స్టాండ్లు ఉండాల్సిందే. సిమెంటు ఇటుకలు పేర్చి కిందికి దూరబాకండి, బరువుకి అవి చెప్పకుండా పగులుతాయి.

పానా విషయంలో పీనాసితనం పనికిరాదు. పన్నెండు పలకల సాకెట్ తుప్పు తిన్న నట్టు మూలల్ని గుండ్రంగా చేసేస్తుంది, ఆరు పలకలదే వాడాలి. పిడికి రెండు మూడు అడుగుల జీఐ పైపు తొడగండి. ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి కదిలించి, తర్వాత విప్పండి. కిర్రుమని శబ్దం వస్తే మంచిదే, తుప్పు విడుతోందని అర్థం. అక్కడ ఆపి, స్ప్రే కొట్టి, పావు చుట్టు ముందుకీ వెనక్కీ తిప్పుతూ రండి. అలా కాకుండా శబ్దం లేకుండా మెత్తగా, పాకంలా సాగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. అది ఊడటం కాదు, బోల్టు మెలితిరిగి తెగబోతోంది.

మొదట బాల్ జాయింట్, అంటే లోయర్ ఆర్మ్ కొసను చక్రం వైపు కలిపే గుండు కీలు. 800కి దాని కాడను చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ, అంటే నకిల్‌లో అడ్డంగా ఒక బోల్టు పట్టి ఉంచుతుంది. కాడ మీద ఉన్న గాడిలోంచి ఆ బోల్టు పోతుంది కాబట్టి వదులు చేస్తే సరిపోదు, పూర్తిగా బయటికి లాగాలి. తర్వాత నకిల్ చీలికలో చిన్న ఉలి దించి కాస్త తెరిచి, ఆర్మ్‌ను కిందికి తట్టండి. రెండు పక్కల ఆర్మ్‌లనూ కలిపే స్టెబిలైజర్ బార్ చివర, కోట బురుజులా గాట్లున్న కోట నట్టు దగ్గర స్ప్లిట్ పిన్ను తుప్పుకి విరిగి లోపలే ఉండిపోతుంది, సన్న పంచ్‌తో బయటికి తోయండి. ఈ నట్టు మొండికేస్తే ఉలితో పక్కనుంచి చీల్చి పారేయండి. నట్టు పోతే కొత్త నట్టు దొరుకుతుంది. బార్ మరలు పోతే మాత్రం బారే మార్చాలి.

అసలు ఏడిపించేది ఆర్మ్ బుష్ బోల్టు, అంటే ఆర్మ్ లోపలి కొసలోని రబ్బరు బుష్‌ను బాడీ బ్రాకెట్‌కి పట్టి ఉంచే బోల్టు. నట్టు సులువుగానే వస్తుంది, బోల్టు మాత్రం కదలదు. చాలామంది మరలు పట్టేశాయనుకుంటారు. పట్టింది మరలు కాదు, బుష్ లోపలి ఇనుప గొట్టం, బోల్టు తుప్పుతో ఒకటైపోయాయి. దీనికి గుర్తు ఒకటుంది. తిప్పితే కొంచెం తిరిగి, చెయ్యి వదలగానే రబ్బరు లాగా వెనక్కి వస్తుంది. మరల మీద నేరుగా సమ్మెటతో కొట్టబాకండి. పాత నట్టును బోల్టు కొసకు సమంగా ఎక్కించి దాని మీద కొట్టండి. నాలుగైదు దెబ్బలకీ కదలకపోతే ఇక కుస్తీ మానేసి కోయండి. బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సన్న సందులో హాక్‌సా బ్లేడు పోతుంది. ఆర్మ్, బుష్ ఎలాగూ పాత ఇనుముకే కాబట్టి అటు బ్లేడు తగిలినా పరవాలేదు, బ్రాకెట్‌కి మాత్రం తగలకూడదు. రబ్బరు కాల్చి తీసే పద్ధతి కారు కింద వద్దు, పెట్రోలు పైపు అక్కడే పోతోంది.

వేడి పెట్టాల్సి వస్తే నట్టుకే పెట్టండి, బోల్టుకి కాదు. వ్యాకోచించాల్సింది నట్టే. కాలిన బోల్టు మళ్లీ వాడకూడదు. షాకబ్జర్ గొట్టానికి మంట అసలు చూపబాకండి, లోపలి నూనె మరిగి అది పేలే ప్రమాదం ఉంది. స్ప్రింగుకి మంట తగిలితే పదును పోతుంది. బోల్టు తెగి మొండెం లోపల మిగిలితే, దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించడం మేలు. ఆ వేడికి తుప్పు విడుతుంది, తిప్పడానికి తలా దొరుకుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ మైనస్ తీగ తీసేయండి, ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే ఇంజిన్) బండైతే మరీను.

షాకబ్జర్ తీసేటప్పుడు బ్రేక్ హోస్ క్లిప్పు ముందు విడదీసి, కింది రెండు బోల్ట్‌లు తీసి, హబ్ (చక్రం బిగించే భాగం) వేలాడకుండా తీగతో కట్టండి. అది బయటికి వాలితే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు ఊడుతుంది. బానెట్ కింద పక్కల ఉన్న చిన్న నట్లే విప్పాలి. స్ప్రింగును స్ప్రింగ్ కంప్రెసర్ పనిముట్టు‌తో నొక్కి పట్టేదాకా నడిమి పెద్ద నట్టు జోలికి పోబాకండి. నొక్కకుండా విప్పితే స్ప్రింగు ఎగిరి మొహం మీదికి వస్తుంది.

కొత్త బోల్ట్‌లకు నెల్లూరు ఆటోనగర్ వెళ్తే, తల మీద పాతదానికున్న అంకెలే చూసి తీసుకోండి. బోల్టు గట్టిదనం చెప్పే 8.8 అంకె ఉన్నచోట మామూలు ఇనుప బోల్టు వద్దు. బుష్ లోపలి గొట్టానికి గ్రీజు పూసి ఎక్కించండి. బుష్ బోల్టు ఆఖరి బిగింపు మాత్రం కారును చక్రాల మీదికి దించాకే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి.